'కనుక్కుని వస్తాను' అనే సర్వర్లు: హైడ్ పార్క్ వంట కాలేజీలో కాటెరీనా రెస్టారెంటు

అమెరికాలో మంచి హోటల్ ఎక్కడుందని అడిగితే మనవాళ్ళు న్యూజెర్సీలో ఎడిసన్ పేరో టెక్సస్‌లో ఫ్రిస్కో పేరో చెప్తారు. నేను చెప్పబోయేది ఒక కాలేజీ గురించి. న్యూయార్క్ సిటీకి ఉత్తరాన, హడ్సన్ నది ఒడ్డున హైడ్ పార్క్ అనే చిన్న ఊరుంది. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ పుట్టి పెరిగిన ఇల్లు అక్కడే. అదే రోడ్డు మీద, అంటే రూట్ 9 మీద, కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా ఉంది. పొడి అక్షరాల్లో సీఐఏ. గూఢచారుల ఆఫీసు కాదు, వంట నేర్పే కాలేజీ. లోపల బయటివాళ్ళు డబ్బిచ్చి తినే రెస్టారెంట్లు ఉన్నాయి. వండేదీ వడ్డించేదీ విద్యార్థులే, వెనక నిలబడి చూసేది మేష్టర్లు.

నేను తెనాలిలో ముప్ఫై ఏళ్ళు మీల్స్ హోటల్ నడిపాను. ఇప్పుడు హోటల్ తమ్ముడి కొడుకు చూసుకుంటున్నాడు. అమ్మాయీ అల్లుడూ ఉండేది వాపింజర్స్ ఫాల్స్‌లో. పక్కనే ఉన్న పొకిప్సీలో ఐబీఎం వాళ్ళ పెద్ద పెద్ద మెయిన్‌ఫ్రేమ్‌లు తయారవుతాయి, అందుకని ఆ చుట్టుపక్కల మనవాళ్ళు బాగానే కనిపిస్తారు. "మామయ్యగారూ, మీ లైనులో కాలేజీ ఒకటుంది, చూద్దురుగాని" అని అల్లుడు ముందే టేబుల్ బుక్ చేశాడు. వెళ్ళేదాకా నాకైతే పెద్ద ఆశ లేదు. నేర్చుకునే పిల్లల చేతి వంట అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, జీతాలిచ్చి మరీ తిన్నాను.

బిల్డింగ్ చూడగానే విజయవాడ లయోలా కాలేజీ గుర్తొచ్చింది. ఊరికే గుర్తు రాలేదు. ఇది ఒకప్పుడు జెస్యూట్ ఫాదర్ల సెమినరీయేనట. లయోలా పెట్టింది కూడా ఆ ఫాదర్లే కదా. వంట కాలేజీ 1946లో కనెటికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి చేతిపని నేర్పించాలని పెట్టారు. పెరిగి పెరిగి అక్కడ చోటు చాలక 1972లో ఈ ఎర్ర ఇటుకల బిల్డింగుకి వచ్చారు. ఫాదర్లు ప్రార్థన చేసుకున్న చర్చి హాలు ఇప్పుడు విద్యార్థుల భోజనాల హాలు. రంగు అద్దాల కిటికీలు అలాగే ఉన్నాయి. టీవీల్లో పేరు తెచ్చుకున్న షెఫ్, 2018లో చనిపోయిన ఆంథొనీ బోర్డైన్ 1978లో ఇక్కడే చదువు పూర్తి చేశాడు. టీవీల్లో కనిపించే మన షెఫ్ మనీత్ చౌహాన్ కూడా మణిపాల్‌లో చదివి, తర్వాత ఇక్కడికొచ్చి చదువుకున్న మనిషే.

ప్రాంగణంలో తినడానికి బొకూజ్ అని ఫ్రెంచి రెస్టారెంటు ఉంది, చుట్టుపక్కల పొలాల్లో పండినవాటితో వండే అమెరికన్ బౌంటీ ఉంది, కాటెరీనా దె మెదిచి అని ఇటాలియన్ ఉంది, ఒక బేకరీ కూడా ఉంది. మేం కాటెరీనాకి వెళ్ళాం. కారణం మా ఆవిడ. నేను బయట ఏదైనా తింటాను గానీ ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. "ఇటాలియన్ అయితే భయం లేదమ్మా, అన్నీ వెజ్ దొరుకుతాయి" అని అమ్మాయి ధీమా. ఇక్కడి మన ఇళ్ళలో అందరికీ ఉన్న ధీమానే అది. ఆ రాత్రి తెలిసిందేమిటంటే ఆ ధీమా సగమే నిజం.

మా టేబుల్‌కి వచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో. నల్ల ఏప్రాన్, జేబులో చిన్న నోటు పుస్తకం. మా ఆవిడ తినేవీ తిననివీ మా అమ్మాయి చెప్పింది: మాంసం, చేప, గుడ్డు వద్దు, పాలూ పెరుగూ నెయ్యీ సరే. ఆ పిల్ల మొత్తం రాసుకుని, రాసుకున్నది మళ్ళీ మాకు చదివి వినిపించింది. మెనూలో రిసోటో ఉంది, పుట్టగొడుగులతో. ఇటలీవాళ్ళు బియ్యంతో చేసే వంటకం. ఇంకేం, బియ్యం, పుట్టగొడుగులు, వెన్న, అంతే కదా అనుకున్నాం. "ఇది వెజ్జేనా?" అని అడిగితే ఆ పిల్ల అవుననలేదు, కాదనలేదు. "నాకు కచ్చితంగా తెలీదు, కనుక్కుని వస్తాను" అని లోపలికెళ్ళింది.

హోటల్ లైనులో నేను ఇన్నేళ్ళూ వినాలనుకుని వినలేకపోయిన మాట అది. మన దగ్గర కార్తీకమాసంలో ఏ సర్వర్నైనా సాంబారులో ఉల్లిపాయ ఉందా అని అడిగి చూడండి. "లేదండీ" అంటాడు. గరిటె తిప్పితే ముక్కలు పైకి తేలుతుంటాయి. వాడు అబద్ధాలకోరు అని కాదు. తెలీదు అంటే ఓనరు తిడతాడు, లోపలికెళ్ళి అడిగితే మాస్టర్ కసురుకుంటాడు, ఈలోపు నాలుగో టేబుల్ వాడు మజ్జిగ అని అరుస్తుంటాడు. 'లేదండీ' అనేస్తే అందరికీ సుఖం. అమెరికాలో మామూలు రెస్టారెంట్లలో కూడా నేను చూసింది ఇదే, కాకపోతే ఇంగ్లీషులో నవ్వుతూ చెప్తారు.

లోపలికెళ్ళిన అమ్మాయి ఐదు నిమిషాల్లో వచ్చింది. పక్కన తెల్ల కోటు, తల మీద పొడుగు టోపీ ఉన్న కుర్రాడు. రిసోటో వండుతున్నది అతనే. విషయం అతనే చెప్పాడు. బియ్యాన్ని ఉడికించేది నీళ్ళతో కాదు, స్టాక్‌తో. ఎముకలూ కూరముక్కలూ గంటల తరబడి మరిగించి వడకట్టిన నీళ్ళన్నమాట. ఆ రోజు గిన్నెలో ఉన్నది కోడి ఎముకల స్టాక్. మెనూ మీద ఒక్క మాట కూడా లేదు, పైకి చూస్తే కోడి జాడా ఉండదు. రెండోది, చివర్లో తురిమి కలిపే పార్మెజాన్ చీజ్. అసలు పార్మెజాన్‌ని పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వేసే చేస్తారు, అలా చేస్తేనే ఇటలీలో ఆ పేరు పెట్టనిస్తారు. "మీకు అభ్యంతరమా?" అని అడిగాడు. ఇన్నేళ్ళుగా అమెరికా వచ్చినప్పుడల్లా పిజ్జా మీద చల్లుకున్న పొడి గుర్తొచ్చి మా ఆవిడ మొహం చూడాలి. చూశాను గానీ ఎక్కువసేపు చూడలేదు.

కూరగాయల స్టాక్‌తో, చీజ్ లేకుండా వెన్నతో వేరే గిన్నెలో వండిస్తామని, ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుందని చెప్పారు. సరేనన్నాం. అన్నట్టే పట్టింది.

మిగతావాటి సంగతి కూడా ఆ కుర్రాడే విడమరిచి చెప్పాడు, ఎందుకంటే పరీక్షకి చదువుకున్నవి అన్నీ అతని నోట్లోనే ఉన్నాయి. మన శాకాహారులకి పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను. అప్పటికప్పుడు కలిపి చేసే తాజా పాస్తాలో దాదాపు ఎప్పుడూ గుడ్డుంటుంది. షాపులో దొరికే ఎండు పాస్తా మామూలుగా గోధుమ రవ్వా నీళ్ళే, కాబట్టి 'హౌస్‌మేడ్' అని గొప్పగా రాసినచోటే జాగ్రత్త. బంగాళాదుంప ముద్దతో చేసే చిన్న ఉండలు, న్యోక్కి అంటారు, వాటిలో గుడ్డు వేసేవాళ్ళూ ఉన్నారు, వేయనివాళ్ళూ ఉన్నారు. స్వీట్లలో తిరామిసూలో పచ్చి గుడ్డు సొన. తెల్లగా అమాయకంగా వణుకుతూ వచ్చే పన్నకోటాని గట్టిపరిచేది జెలటిన్, అంటే పశువుల చర్మం, ఎముకల నుంచి తీసింది. పళ్ళ రసంతో చేసిన సార్బే అయితే మామూలుగా తినొచ్చు, అయినా ఒకసారి అడగండి.

ఇక రిసోటో వచ్చింది. చేసే పద్ధతి నాకు తెలిసిన ఏ అన్నం పద్ధతికీ దగ్గరగా లేదు. పొట్టి గింజ బియ్యాన్ని కడగకుండా వెన్నలో వేయించి, వేడి స్టాక్‌ని గరిటెడు గరిటెడు పోస్తూ, అది ఇంకేదాకా కలుపుతూ, మళ్ళీ పోస్తూ పోతారు. బియ్యంలోని పిండి బయటికొచ్చి పాయసంలా చిక్కబడుతుంది. కడిగితే ఆ పిండి పోతుంది, అందుకే కడగరు. మా ఆవిడ ఒక చెంచా తిని, "పలుకుందండీ, ఉడకలేదు" అంది. ఉడికింది. మధ్యలో సన్నటి పలుకు ఉంచడమే దాని లెక్క. తెనాలిలో ఆ అన్నం వడ్డిస్తే విస్తరి నా మొహాన కొట్టేవాళ్ళు. పుట్టగొడుగుల వాసన, వెన్న, పైన మిరియం ఘాటు, నాకైతే బాగా నచ్చింది. ఆవిడ సగం తిని మిగతాది నాకు తోసింది. ఆ పిల్ల వచ్చి సగం ఎందుకు మిగిలిందని నిజంగానే అడిగింది. మా అమ్మాయి పలుకు సంగతి చెప్తే అది కూడా పుస్తకంలో రాసుకుంది. ఏం చేసుకుంటుందో మరి.

నేను చేప తీసుకున్నాను. పైన చర్మం అప్పడంలా విరిగింది, లోపల తెల్లటి పొరలు ఫోర్కు తగలగానే విడిపోయాయి. చేపని అలా వండడం తేలికకాదు. పెనం చాలినంత కాలకపోతే చర్మం అంటుకుపోతుంది, ఎక్కువ కాలితే లోపలి తడి ఆరిపోతుంది. చర్మం పొడిగా తుడిచి, వేశాక కదపకుండా ఓపిక పట్టిన చెయ్యి అది. ఉప్పు మన నోటికి ఒక పిసరు తక్కువ, కారం సంగతి ఎత్తొద్దు. అల్లుడు జేబులో తెచ్చుకున్న పచ్చిమిరపకాయ బయటికి తీయబోతే అమ్మాయి కాలు తొక్కింది. బ్రెడ్డు మాత్రం, అన్నం మనిషిని చెప్తున్నాను, దాని కోసమే మళ్ళీ వెళ్ళొచ్చు. పై పెచ్చు గట్టిగా, లోపల తేమగా. ఆలివ్ నూనెలో ముంచుకుని బుట్ట ఖాళీ చేశాం, ఇంకోటి అడక్కుండానే తెచ్చారు.

సర్వీసు గురించి నాలుగు మాటలు రాయకపోతే ఇన్నేళ్ళ హోటల్ వ్యాపారానికి అర్థం లేదు. ఒక కోర్సు, అంటే ఒక విడత వడ్డన, అయిపోయి ఇంకోటి వచ్చేలోపు ఆ పిల్ల ఏప్రాన్ జేబులోంచి వేలెడు పొడుగు రేకు ముక్క ఒకటి తీసింది, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. దాంతో తెల్లటి గుడ్డ మీద పడ్డ బ్రెడ్డు పొడిని తన వైపుకి గీరుతూ చిన్న పళ్ళెంలోకి తీసుకుంది. గుడ్డ తడవలేదు, మా చేతుల మీదుగా ఏదీ పోలేదు. మొదటిసారి గీసినప్పుడు కొంచెం పొడి మా అల్లుడి ఒళ్ళోకి ఎగిరింది, పిల్ల చెవులు ఎర్రబడ్డాయి, మళ్ళీ నిదానంగా గీసింది. గోడ పక్కన నిలబడ్డ మేష్టరు అది చూశాడు. రాలేదు, కసరలేదు. ఆ పిల్ల పళ్ళెంతో వెనక్కెళ్తుంటే మణికట్టు ఎలా వంచాలో గాల్లో చేత్తో చూపించాడు, అంతే. మా హోటల్లో టేబుల్ తుడిచే కుర్రాడు తడిగుడ్డతో ఒక్క ఊపు ఊపితే మెతుకులన్నీ పక్కవాడి కాళ్ళ మీద పడేవి.

ఇక్కడి చదువులో నన్ను బాగా ఆకట్టుకున్న ఏర్పాటు ఇంకోటుంది. ఈ రెస్టారెంట్లలో పనిచేసేది చదువు చివరికొచ్చిన పిల్లలు. కొన్నాళ్ళు లోపల వండాలి, కొన్నాళ్ళు బయట వడ్డించాలి. షెఫ్ అవ్వాలని వచ్చినవాడైనా సరే, ప్లేటు మోసుకుని జనం మధ్యకి రావాల్సిందే. ఆ రిసోటో కుర్రాడు కిందటి నెలలో ఇదే హాల్లో నీళ్ళు పోశాడట. అందుకే పిలవగానే మూతి ముడవకుండా బయటికొచ్చాడు. మన హోటళ్ళలో మాస్టర్‌కీ సర్వర్‌కీ మధ్య ఉన్న కిటికీ ఇండియా పాకిస్తాన్ బోర్డరు. ఆర్డరు ఆలస్యమైతే సర్వర్ మాస్టర్ మీద, ఉప్పు ఎక్కువైతే మాస్టర్ సర్వర్ మీద. మా మాస్టర్ ఒకాయన పాతికేళ్ళు పనిచేశాడు, ఒక్కరోజు కూడా తను వండిన పప్పు తింటున్న మనిషి మొహం చూడలేదు. చూడమని నేనూ అనలేదు, అలాంటి ఆలోచన మా లైనులో ఎవరికీ రాలేదు.

టైం సంగతి. మేం కూర్చుని లేచేసరికి రెండు గంటలు దాటింది. ఇది క్లాసు, క్లాసు అంతసేపు జరుగుతుంది. మీ దగ్గర చంటిపిల్లలుంటే, లేదా ఆకలి నకనకలాడుతుంటే వేరే చోటికి వెళ్ళండి. బిల్లు అల్లుడు నా కంట పడనివ్వలేదు. కారులో అమ్మాయి చెప్పింది, నలుగురికీ 200 డాలర్ల పైమాటేనని. చవక కాదు. ఆ స్థాయి వంట న్యూయార్క్ సిటీలో తింటే ఇంకా చాలా ఎక్కువవుతుందని అల్లుడి వాదన. రూపాయల్లోకి మార్చి చూసే అలవాటు నాకు ఇంకా పోలేదు కాబట్టి నేను మాట్లాడను.

వంట కాలేజీ రెస్టారెంట్లన్నీ ఇలాగే ఉంటాయని మాత్రం అనుకోకండి. మన దగ్గర ఒక హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో, పేరూ ఊరూ వద్దులెండి, తెలిసినవాళ్ళు పిలిస్తే వాళ్ళ ట్రైనింగ్ రెస్టారెంటులో భోజనం చేశాను. ఫుడ్ ప్రొడక్షన్, సర్వీస్, ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్ అని మన కాలేజీల్లో నాలుగూ నేర్పుతారు, మంచిదే. ఫ్రెంచి క్లాసికల్ మెనూ అని 17 కోర్సుల జాబితా ఒకటి ఉంటుంది, అది పిల్లలు బట్టీ పడతారు. ఆ రోజు మెనూ కార్డు నిండా ఫ్రెంచి పేర్లే. కాన్సొమే అని గాజు నీళ్ళలా తేటగా ఉండాల్సిన సూపు వచ్చింది, తేటగానే ఉంది, కాకపోతే నోట్లో పెడితే మసాలా క్యూబు రుచి తప్ప ఇంకేం లేదు. వడ్డించే అబ్బాయి ఇంగ్లీషులో ఒక వాక్యం అప్పజెప్పి, మధ్యలో మర్చిపోయి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాడు. నేను "ఏ ఊరు బాబూ?" అన్నాను. పల్నాడు వైపు. మొహంలో రక్తం తిరిగింది. వంగి మెల్లిగా, "సార్, ఆ చికెన్ వద్దు, పొద్దుటిది. కూర పలావు తీసుకోండి, అది మా బ్యాచ్ ఇప్పుడే దించింది" అన్నాడు. పలావు అమోఘం. ఆ అబ్బాయి నా దగ్గర తెలుగులో మాట్లాడాడని అతిథులందరి ముందూ వాళ్ళ సార్ కేకలేశాడు. ఆ రోజు ఆ హాల్లో అసలైన సర్వీసు చేసింది ఆ పల్నాడు కుర్రాడొక్కడే, తిట్లు పడింది కూడా వాడికే. ఆ సార్‌ని హైడ్ పార్క్ గోడ పక్కన ఒక్కరోజు నిలబెట్టాలని నాకు కోరిక.

మాంసం తినేవాళ్ళయితే బొకూజ్ కూడా చూడొచ్చు. ఫ్రెంచి వంటలో మహానుభావుడు పాల్ బొకూజ్ పేరు పెట్టారు. ఆయన 1975లో ఫ్రాన్సు ప్రెసిడెంటు కోసం చేసిన ట్రఫుల్ (మట్టిలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) సూపు, గిన్నె మీద పిండి పొరతో మూత వేసి కాల్చేది, ప్రపంచమంతా పేరున్న వంటకం. మా అల్లుడు ఆఫీసువాళ్ళతో వెళ్ళొచ్చి తెగ చెప్పాడు గానీ నేను వెళ్ళలేదు కాబట్టి మార్కులు వేయను. లండన్‌లో ఉన్నవాళ్ళు అంత దూరం రానక్కర్లేదు, విక్టోరియా దగ్గర విన్సెంట్ స్క్వేర్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ కింగ్స్‌వే కాలేజీ పిల్లలు నడిపే విన్సెంట్ రూమ్స్ ఉంది. టీవీ షెఫ్ జేమీ ఆలివర్ చదివిన కాలేజీ అది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ నుంచి పొకిప్సీకి మెట్రో నార్త్ రైల్లో సుమారు రెండు గంటలు, స్టేషన్ నుంచి టాక్సీ. కారైతే పార్కింగ్ లోపలే బోలెడంత. టేబుల్ ముందే బుక్ చేసుకోండి. కాలేజీకి సెలవులుంటే రెస్టారెంట్లకీ సెలవే, మామూలు వారాల్లో కూడా రోజూ తెరవరు, కాబట్టి వాళ్ళ వెబ్‌సైటులో తేదీ చూసుకున్నాకే బయల్దేరండి. పిల్లల బ్యాచ్‌లు కొన్ని వారాలకోసారి మారుతుంటాయి. బ్యాచ్ మారిన మొదటి రోజుల్లో టెన్షన్ ఎక్కువుంటుంది, వీలైతే ఫోన్ చేసి కనుక్కుని కాస్త ఆగి వెళ్ళండి. శాకాహారం అని ఒక్క ముక్క అంటే చాలదు. గుడ్డు, స్టాక్, రెన్నెట్, జెలటిన్, ఈ నాలుగూ బుక్ చేసేటప్పుడే విడివిడిగా రాయించండి. లోపల ఉన్నది రాసుకునే పిల్లలు, రాయించుకుంటారు.

వచ్చేటప్పుడు బేకరీ తెరిచి ఉంటే బ్రెడ్డు కొనుక్కోండి. యాపిల్ పై బేకరీ కఫే అని మెయిన్ బిల్డింగులోనే ఉంటుంది, పగటిపూటే. మేం తర్వాత ఒక మధ్యాహ్నం దాని కోసమే వెళ్ళాం. లైన్లో మా ముందు పొడుగు టోపీల పిల్లలు, రూజ్‌వెల్ట్ ఇల్లు చూడ్డానికొచ్చిన ముసలివాళ్ళు. మా ఆవిడ అద్దం మీద వేలు పెట్టి ఒక్కోదాంట్లో గుడ్డుందా అని అడుగుతుంటే కౌంటర్లో ఉన్న కుర్రాడు మూడోదానికి "తెలీదు, కనుక్కుని వస్తాను" అని లోపలికి పరిగెత్తాడు. వెనకాల లైను ఆగిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, నేనే కాస్త పక్కకి జరిగి నిలబడ్డాను.